మోకాలి శస్త్రచికిత్స తరువాత: తార్నాకలోని ఒక ఫిజియోథెరపీ కేంద్రంపై సమీక్ష

ఆడపిల్లకు మోకాలి లిగమెంటు తెగితే తల్లిదండ్రులు మంచి సర్జన్ కోసం ఊరంతా వాకబు చేస్తారు గానీ, ఆపరేషన్ తరువాత నెలల తరబడి తిరగవలసిన ఫిజియోథెరపీ కేంద్రాన్ని మాత్రం ఇంటికి దగ్గరగా ఉంటే చాలుననుకుంటారు. కబడ్డీ ఆడే మా అమ్మాయికి ఎ.సి.ఎల్. (మోకాలి లోపల తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి ఉంచే లిగమెంటు) తెగి, తొడ వెనుక స్నాయువుతో కొత్త లిగమెంటు అమర్చిన తరువాత మేము వెళ్లిన తార్నాక కేంద్రం ఎంతో శ్రద్ధగా పనిచేస్తుంది.

తొలి వారాల్లో వారు యంత్రాల కన్నా మోకాలు పూర్తిగా చాపడం, తొడ ముందు కండరాన్ని బిగించడం వంటి వ్యాయామాలకే ఎక్కువ సమయం ఇచ్చారు. నొప్పి, వాపు తగ్గిపోయి పిల్ల మామూలుగా నడుస్తున్నా, లోపల అమర్చిన గ్రాఫ్ట్ (అంటే ఆ కొత్త లిగమెంటు) గట్టిపడడానికి ఇంకా చాలా కాలం పడుతుందని ప్రతి దశలోనూ ఆమెకే నేరుగా వివరించారు. టోర్నమెంట్ దగ్గర పడుతోందని కోచ్ తొందరపెట్టినప్పుడు కూడా, 9 నెలలు నిండకుండా, బలం పరీక్షల్లో ఆ కాలు రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతానికి చేరకుండా ఆటకు అనుమతించేది లేదని స్పష్టంగా చెప్పారు. ఆ పట్టుదల నాకు అన్నిటికన్నా నచ్చింది, ఎందుకంటే చిన్న వయసులో తొందరపడి ఆటలోకి దిగినవారికి అదే మోకాలో, రెండోదో మళ్లీ గాయపడే ప్రమాదం ఎక్కువ.

నేల మీద అతికించిన టేపు వెంట ఒంటికాలితో గెంతించి దూరం కొలుస్తారు. తరువాత తక్కువ ఎత్తున్న పెట్టె మీది నుంచి దూకించి ఫోనులో వీడియో తీసి, నేలను తాకిన క్షణం దగ్గర ఆపి చూపిస్తారు. మా అమ్మాయి మోకాలు లోపలికి వాలడం ఆ బొమ్మలో ఆమె కళ్లారా చూసింది. ఒకే ఆట ఆడే అబ్బాయిల కన్నా అమ్మాయిలకు ఈ గాయం కొన్ని రెట్లు ఎక్కువగా అవుతుంది. అది కూడా చాలాసార్లు ఎవరూ ఢీకొట్టకుండానే, దూకి దిగేటప్పుడో, పరుగులో ఉన్నట్టుండి దిశ మార్చేటప్పుడో జరుగుతుంది. తుంటి కండరాలకు బలం పెంచి, దిగే పద్ధతి నేర్పితే ప్రమాదం తగ్గుతుందని తెలిసినప్పుడు, ఇదంతా బడిలోని వ్యాయామ తరగతిలోనే ఎందుకు నేర్పరన్న బాధ కలుగుతుంది.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం వేళ మహిళా ఫిజియోథెరపిస్టు ఉండరు. తొడను, తుంటిని పట్టి చేయించే వ్యాయామాలకు ఈ వయసు పిల్లలు బిడియపడతారు కనుక ఇది చిన్న విషయం కాదు. ఫీజు మొత్తం ముందుగానే కట్టమనడం మధ్యతరగతి కుటుంబాలకు భారమే. స్థలం ఇరుకు, పార్కింగ్ లేదు.

ఉదయం పూట వెళ్లగలిగితే నిస్సందేహంగా ఇక్కడికే వెళ్లమంటాను. చివరి పరీక్షల ఫలితాలను మాత్రం కాగితం మీద రాయించుకొని, ఒక ప్రతి సర్జన్‌కు, మరొకటి కోచ్‌కు ఇవ్వాలి.