డెబియన్‌లో స్ఫింక్స్: టూల్ కన్నా ప్యాకేజీయే ఎక్కువ నచ్చింది

పైథాన్ ప్రాజెక్టుకి డాక్యుమెంటేషన్ అనగానే చాలామంది, మామూలు టెక్స్ట్ ఫైళ్ల నుంచి హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్ డాక్యుమెంట్లు తయారుచేసే స్ఫింక్స్‌ని పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు దించే టూల్) దించేసుకుని పని కానిచ్చేస్తారు. నేను డెబియన్ అనే లైనక్స్ వాళ్ల పైథాన్3-స్ఫింక్స్ ప్యాకేజీ వాడతాను, కాబట్టి ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. 2008 నుంచి ఉన్న టూల్‌కి మళ్లీ పరిచయం ఎందుకు?

ఇన్‌స్టాల్‌కి ఒక్క ఆప్ట్ కమాండ్ చాలు, దానికి కావాల్సిన డాక్‌యుటిల్స్, జింజా, పిగ్మెంట్స్ వెంటే వచ్చేస్తాయి. పీడీఎఫ్ కావాలంటే మాత్రం పేజీలు కూర్చే టెక్స్‌లైవ్ విడిగా వేసుకోవాలి. అంత బరువు అందరి నెత్తినా పెట్టకపోవడం మంచి పనే.

అసలు పనితనం, డెబియన్ ప్యాకేజీలు తయారుచేసేటప్పుడు వాడే డీహెచ్_స్ఫింక్స్‌డాక్ అనే చిన్న స్క్రిప్టులో ఉంది. స్ఫింక్స్ తయారుచేసే ప్రతి హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లోనూ సెర్చ్‌టూల్స్, డాక్‌టూల్స్ లాంటి అవే జావాస్క్రిప్ట్ ఫైళ్లు మళ్లీ మళ్లీ వచ్చి కూర్చుంటాయి కదా, ఈ స్క్రిప్టు వాటిని తీసేసి లిబ్‌జేఎస్-స్ఫింక్స్‌డాక్ ప్యాకేజీలో ఉన్న ఒకే కాపీకి సిమ్‌లింకులు (అసలు ఫైలు వైపు చూపే లింకులు) పెట్టి, ఆ ప్యాకేజీ కూడా కావాలని డిపెండెన్సీ తనే రాసుకుంటుంది. దాంతో ఆ ఫైళ్లలో ఏదైనా లోపం బయటపడితే ఒక్కచోట సరిచేస్తే సరిపోతుంది.

తలనొప్పి ఇంటర్‌స్ఫింక్స్‌తో, అంటే వేరే ప్రాజెక్టుల డాక్యుమెంట్లకి లింకులు కలిపే స్ఫింక్స్ ఎక్స్‌టెన్షన్‌తో. డెబియన్ ప్యాకేజీ బిల్డ్ నెట్ మీద ఆధారపడకూడదు, కానీ మన కాన్ఫ్ ఫైలేమో (స్ఫింక్స్ సెట్టింగులు ఉండేది) పైథాన్ సైటుకి వెళ్లి, ఆ లింకుల జాబితా అయిన ఆబ్జెక్ట్స్.ఇన్వ్ తెమ్మంటుంది. అది దొరక్కపోతే మామూలుగా వార్నింగే గానీ, వార్నింగుల్ని ఎర్రర్లుగా లెక్కేసే మైనస్ డబ్ల్యూ ఆప్షన్ పెట్టుకున్నవాళ్లకి బిల్డ్ ఫెయిలవుతుంది. పైథాన్ డాక్యుమెంట్లున్న పైథాన్3-డాక్ ప్యాకేజీ వేసుకుని, డిస్క్‌లో ఉన్న ఆ జాబితా దారి చూపిస్తే లింకులు మళ్లీ అతుక్కుంటాయి. ఇది ఎక్కడైనా పెద్ద అక్షరాలతో రాసిపెడితే బాగుండేది.

వెర్షన్ సంగతి తెలిసిందే. డెబియన్ 12లో స్ఫింక్స్ 5.3 దగ్గర ఆగిపోయింది, 13లో 8.1 ఉంది. కాన్ఫ్‌లో నీడ్స్_స్ఫింక్స్ 7 (కనీసం వెర్షన్ 7 కావాలని) అని ఉంటే 12లో ముందుకు కదలదు. సరే పిప్‌తో కొత్తది వేద్దామంటే, సిస్టమ్ పైథాన్ జోలికి రావద్దని 12 నుంచి పిప్పే అడ్డం పడుతుంది, సిస్టమ్‌కి సంబంధం లేని విడి పైథాన్ ఫోల్డర్, అంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోక తప్పదు. రోజూ కొత్త ఫీచర్ల వెంట పడేవాళ్లు అటే వెళ్లండి. సర్వర్ మీద పెట్టేసి సంవత్సరాల తరబడి ముట్టుకోకూడదనుకునేవాళ్లకి ఈ ప్యాకేజీ హాయి.

తెలుగులో డాక్యుమెంట్లు రాసేవాళ్లకి ఒక మాట. పీడీఎఫ్‌కి డిఫాల్ట్‌గా ఉన్న ఇంజిన్ పీడీఎఫ్‌లేటెక్ మన లిపితో పనికిరాదు. కాన్ఫ్‌లో లేటెక్_ఇంజిన్‌ని జీలేటెక్‌కి మార్చి, తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఫాంట్స్-తెలు వేసుకుని, అందులో ఒక ఫాంటు పేరు కాన్ఫ్‌లో ఇవ్వాలి. ఇంజిన్ మార్చేసి ఫాంటు మర్చిపోతే అక్షరాల చోట ఖాళీలో డబ్బాలో వస్తాయి.