పారిస్‌లో ఒక్క సాయంత్రం: క్యాబరే షోనా, సెన్ నదిలో పడవా?

పారిస్‌లో దొరికే ఒక్క సాయంత్రం క్యాబరేకి, అంటే రాత్రిపూట హాల్లో జరిగే ఆటపాటల షోకి వెళ్ళాలా, సెన్ నదిలో పడవెక్కాలా? గ్రూప్ టూర్‌లో యూరప్ వెళ్తున్న తెలిసినవాళ్ళందరూ బయల్దేరే ముందు అడిగే ప్రశ్న ఇది. పగలు మనం ఎంచుకునేదేమీ ఉండదు. లూవ్ర్ మ్యూజియం బయటి నుంచి, కాంకార్డ్ కూడలి, విజయ తోరణం, ఈఫిల్ టవర్, అన్నీ వరసగా చూపించేస్తారు. సాయంత్రం ఇండియన్ రెస్టారెంట్‌లో భోజనాలయ్యాక టూర్ మేనేజర్ ఆప్షనల్స్, అంటే ఇష్టమైతే విడిగా డబ్బు కట్టి వెళ్ళేవాటి సంగతి ఎత్తుతాడు. షోకి ఎవరొస్తారు, పడవకి ఎవరొస్తారు చేతులెత్తండి అంటాడు. పక్క సీటువాళ్ళు దేనికి ఎత్తితే మనమూ దానికే ఎత్తేస్తాం.

రేటు, పిల్లలు, పెద్దవాళ్ళు అన్నీ చూసుకోవాల్సిందే. కానీ అంతకన్నా ముందు రెండు విషయాలు కనుక్కోండి: మీరు వెళ్ళే నెలలో పారిస్‌లో చీకటి ఎన్నింటికి పడుతుంది, మీ బస్సు ఎన్నింటికి ఆగిపోతుంది. నా లెక్కలో సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది మే, జూన్ నెలల్లో. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి పది కావస్తుంది. భోజనం కాగానే ఎనిమిదింటికి పడవెక్కిస్తే ఎండ కళ్ళలో కొడుతూనే ఉంటుంది. బ్రోషర్‌లో ‘ఇల్యూమినేషన్’ అని రాసి ఉన్న ప్రయాణం ఒక్క దీపమైనా వెలగకముందే ముగిసిపోతుంది. ఈఫిల్ టవర్ మీది 20 వేల బల్బులు చీకటి పడ్డాక గంటకోసారి, సరిగ్గా గంట కొట్టగానే, ఐదు నిమిషాలపాటు మిలమిల మెరుస్తాయి. జూన్‌లో దాన్ని నిండు చీకట్లో చూడాలంటే పదకొండు దాకా ఆగాల్సిందే. అదే దసరా సెలవుల్లో వెళ్తే ఏడున్నర ప్రాంతానికే సూర్యాస్తమయం. ఎనిమిదిన్నర పడవకి ఊరంతా దీపాలతో కనిపిస్తుంది.

ఇక బస్సు సంగతి. యూరప్ చట్టం ప్రకారం డ్రైవర్‌కి రోజుకి 11 గంటలు ఏకబిగిన విశ్రాంతి ఉండాలి. రెండు వారపు విశ్రాంతుల మధ్య మూడుసార్లు మాత్రమే దాన్ని 9 గంటలకు తగ్గించవచ్చు. బండిలోని టాకోగ్రాఫ్ ప్రతి నిమిషాన్నీ రాసుకుంటుంది. పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కినతను మామూలుగా రాత్రి తొమ్మిదికల్లా దిగిపోవాలి. “ఇంకో అరగంట ఆగండి, టవర్ మెరుస్తుందట” అని అడిగినా అతని చేతిలో ఏమీ ఉండదు. పడవని అంత పెందలాడే పెట్టడానికి చాలాసార్లు కారణం ఇదే.

క్యాబరేకి ఈ ఇబ్బంది లేదు. నాలుగు గోడల మధ్య జరిగేది కాబట్టి బయట ఎండున్నా వానున్నా ఒకటే. పేరున్నది ములాన్ రూజ్. మోంమార్త్ర్ కొండ కింద, ఎర్ర గాలిమర ఉన్న చోటు. ఈఫిల్ టవర్ తెరిచిన 1889లోనే ఇదీ తెరిచారు. ఆ గాలిమర రెక్కలు 2024 ఏప్రిల్‌లో ఊడిపడితే జులైకల్లా కొత్తవి బిగించారు. షాంజెలీజే వీధిలోని లిడో గురించి ఇంకా అడుగుతుంటారు. ఆ పాతకాలపు షో 2022లోనే ఆగిపోయింది. పారడి లాటిన్ కాస్త చిన్నది, దానికీ గ్రూపులు వెళ్తాయి.

షో గొప్పదే. కాన్‌కాన్ నాట్యంలో అమ్మాయిలు కాలు తల పైదాకా విసిరి, గాల్లోకి ఎగిరి అలాగే నేల మీద రెండు కాళ్ళూ చాపి పడతారు. దాని వెనక ఏళ్ళ సాధన ఉందని చూస్తూనే తెలుస్తుంది. కానీ కొన్ని అంశాల్లో నర్తకీమణులు పైన ఏమీ లేకుండా వస్తారు. ఇది ముందే తెలిసి వెళ్ళడం మంచిది. అమ్మానాన్నల్నో అత్తమామల్నో పక్కన కూర్చోబెట్టుకుంటే రెండు గంటలు వాళ్ళకీ ఇబ్బందే, మనకీ ఇబ్బందే. ఇంకో సంగతి, వేసవిలో అక్కడ రాత్రి తొమ్మిదంటే మన టైమ్‌లో పన్నెండున్నర. టూర్ మొదట్లోనే పారిస్ పడితే, ఆ మసక వెలుతురులో పెద్దవాళ్ళు కునికిపాట్లు పడతారు. మనిషికి వంద యూరోలకు అటూ ఇటూగా పెట్టి నిద్రపోవడమంటే బాధే కదా.

పడవ టికెట్ అందులో ఐదో వంతు ఉంటుంది. నాకు నచ్చేదీ ఇదే, రేటు ఒక్కటే కారణం కాదు. ఈ ఊరు నదికి రెండు గట్ల మీదా పెరిగింది. పగలు బస్సు కిటికీలోంచి ముక్కలుముక్కలుగా చూసినవన్నీ ఇక్కడ వరసలో వస్తాయి: ఒకప్పటి రైల్వే స్టేషనైన ఓర్సే మ్యూజియం, లూవ్ర్, అన్నిటికన్నా పాతదైన పోంనెఫ్ వంతెన, 2019లో కాలిపోయి 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచిన నోత్రదామ్ చర్చి. పడవకున్న పెద్ద లైట్లు గట్టు రాళ్ళ మీదుగా జారుతూ పోతుంటే, అక్కడ కాళ్ళు వేలాడేసి కూర్చున్న కుర్రాళ్ళు చేతులూపుతారు. ప్రతి వంతెన కిందా పిల్లలు ఓ అని అరుస్తారు, అది తిరిగి మోగుతుంది. 2024 ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మన పీవీ సింధు, ఆచంట శరత్ కమల్ జెండా పట్టుకుని వానలో పడవ మీద సాగింది ఈ నీళ్ళలోనే. అది టీవీలో చూసినవాళ్ళకి ఈ గంట ఇంకా దగ్గరగా అనిపిస్తుంది.

ఈ రెండూ కాక వేరేవంటే, టవర్ రాత్రిపూట ఎక్కడం బాగుంటుంది కానీ, ఎక్కాక టవర్ కనిపించదు. షాంజెలీజేలో నడక ఎప్పుడైనా చేసుకోవచ్చు.

అక్టోబరులో అయితే ఆలోచించక్కర్లేదు, పడవే. మే, జూన్‌లలో పెద్దవాళ్ళు లేకుండా, నాట్యం మీద ఇష్టంతో వెళ్ళే జంటలు షోకి వెళ్ళొచ్చు. తిరుగు బస్సు ఉందో లేదో అడిగి వెళ్ళండి. మిగతావాళ్ళు ఆప్షనల్ పడవ ఎన్నింటికో కనుక్కుని, తొమ్మిదిలోపు అంటే డబ్బు కట్టకండి. టూర్ మేనేజర్‌కి చెప్పి, హోటల్ కార్డు జేబులో పెట్టుకుని, టవర్ కింది రేవులో పది గంటల ప్రాంతపు పడవ సొంతంగా ఎక్కండి. గంట తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చేసరికి మెరుపులు మొదలవుతాయి. హోటల్ ఎలాగూ ఊరి బయటే ఉంటుంది కాబట్టి నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకోండి. పై అంతస్తులో కూర్చునేటట్టయితే శాలువాలు మర్చిపోవద్దు, జూన్‌లో కూడా నది మీద గాలి చలిగానే ఉంటుంది.