వాగు నీటితో పచ్చికను తడిపే ఒక హెచ్‌పీ సెల్ఫ్ ప్రైమింగ్ పంపు: రెండు వేసవుల వాడకం తర్వాత

ఇంటి వెనక పారే వాగు నుంచి 200 చదరపు మీటర్ల పచ్చికకు నీరు పెట్టడానికి, అవసరమైన అనుమతి తీసుకున్నాకే, గొట్టంలోని గాలిని తానే బయటికి తోసి నీరు పీల్చుకునే ఈ సెల్ఫ్ ప్రైమింగ్ పంపు కొన్నాను. రెండు వేసవులు నడిపాక మోటారు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. దానితో పాటు పెట్టెలో ఇచ్చిన సక్షన్ పైపు (వాగు నీటిని పంపులోకి పీల్చే గొట్టం), ఫుట్ వాల్వుల (ఆ గొట్టం అడుగున నీరు వెనక్కి జారకుండా ఆపే కవాటం) మీద మాత్రం చాలా ఉంది.

ముందు పెట్టె మీది అంకెల సంగతి. నిమిషానికి 60 లీటర్లు, 42 మీటర్ల హెడ్ (పంపు నీటిని నెట్టగల ఎత్తు) అని పక్కపక్కనే అచ్చువేశారు గానీ, ఆ రెండూ ఒకేసారి దక్కేవి కావు. హెడ్ పెరిగేకొద్దీ నీరు తగ్గుతూ పోయి, 42 మీటర్ల దగ్గర చుక్క కూడా రాదు. మా వాగు నీటిమట్టం పంపుకు 3 మీటర్ల దిగువన, పచ్చిక 4 మీటర్ల ఎగువన ఉన్నాయి. స్ప్రింక్లర్ సరిగా తిరగడానికి 2 బార్ల ఒత్తిడి, అంటే మరో 20 మీటర్లు కావాలి. పైపులో రాపిడి నష్టం కూడా కలిపితే లెక్క 30 మీటర్ల దాకా వచ్చింది. స్ప్రింక్లర్ తీసేసి, గేజి 2 బార్లు చూపేలా వాల్వు బిగించి కింద 20 లీటర్ల బకెట్ పెడితే, నిండడానికి 50 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 24 లీటర్లే. వారానికి 25 మిల్లీమీటర్ల తడి అనుకుంటే మా పచ్చికకు 5,000 లీటర్లు కావాలి కాబట్టి, వారానికి రెండు తెల్లవారుజాముల్లో సుమారు గంటా నలభై ఐదు నిమిషాల చొప్పున నడిపితే సరిపోతోంది.

అసలు చిక్కంతా సక్షన్ వైపే. మొదటి నెలలో పది నిమిషాలు బాగానే పోసి, ఆ తర్వాత స్ప్రింక్లర్లు దగ్గినట్టు గాలీ నీరూ కలిపి చిమ్మేవి. ఎక్కడా తడి కనబడదు. సక్షన్ పైపులో ఒత్తిడి బయటికన్నా తక్కువగా ఉంటుంది కనుక, సందు ఉంటే నీరు కారదు, గాలే లోపలికి పోతుంది. చివరికి పంపు నడుస్తుండగా ఒక్కో జాయింటుకూ సబ్బు నురగ పూసి చూస్తే, పంపు మూతి దగ్గర మరలోకి నురగ సన్నగా పీల్చుకుపోతూ కనిపించింది. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాక ఆ బాధ తీరింది గానీ, ఎండకు మెత్తబడిన ఆ పైపు మధ్యలో నొక్కుకుపోవడంతో దాన్ని తీసేసి, ఒక సైజు పెద్దదైన గట్టి పైపు వేయాల్సి వచ్చింది. అమ్మిన వారిని అడిగితే పైపు వారంటీలోకి రాదన్నారు.

ఫుట్ వాల్వు జాలీ బావి నీటికి సరిపోతుందేమో, వాగుకు పనికిరాదు. ఒకసారి ఆకు తొడిమ ఒకటి రెక్క కింద ఇరుక్కుని రాత్రికి రాత్రి పైపులోని నీరంతా దిగిపోయింది. ఇప్పుడు ఫుట్ వాల్వును చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, అడుగు ఇసుక లాగకుండా రెండు రాళ్ల మీద ఎత్తి ఉంచాను. పైన కూడా గాలి సుడి పడనంత నీరు ఉండాలి. స్ప్రింక్లర్ల ముందు నలుసులు పట్టే డిస్క్ ఫిల్టరు తప్పనిసరి. వాన పడిన మర్నాడు వాగు ఎర్రగా ఉంటే నేను మోటారు ముట్టుకోను, ఆ రోజు పచ్చికకూ నీటి అవసరం ఉండదు.

దీనికి వేడెక్కితే ఆగే ఏర్పాటు ఉంది గానీ, నీరు అందనప్పుడు ఆగే ఏర్పాటు లేదు. వాగు తగ్గిన ఒక ఉదయం అది ఎండుగా తిరిగి సీలు కాలిపోయింది. కొత్త సీలుతో పాటు, నీరు అందకపోతే మోటారును ఆపే డ్రై రన్ రిలే, తడి చోటు కనుక కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీయాంపుల లీకేజీ బ్రేకరు పెట్టించాను. కొనదలచినవారు పైపులూ ఫుట్ వాల్వూ లేకుండా పంపు ఒక్కటే ఇస్తారేమో ముందుగా అడగండి.