కోయంబేడులో చల్లన, గుమ్మిడిపూండిలో సెగ: జీపుకి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టిస్తే

మా పాత డీజిల్ జీపుకి బెల్టు ఫ్యాన్ తీయించి, 14 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించి రెండు వేసవులు దాటాయి. ఫ్యాన్ మీద నాకు కోపం లేదు. నా కోపమంతా దాన్ని బిగించడానికి కిట్‌తో పాటు ఇచ్చిన అల్యూమినియం రేకు మీద. దాని పుణ్యమా అని మొదటి మే నెల మొత్తం మెకానిక్ షెడ్ల చుట్టూ తిరిగాను.

ముందు మంచి మాట. చెన్నై ట్రాఫిక్‌కి ఇంతకంటే మంచి మందు లేదు. బెల్టు ఫ్యాన్ ఇంజన్‌ని బట్టి తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే రేడియేటర్‌కి గాలి కావాలి, సరిగ్గా అప్పుడే అది బద్ధకంగా తిరుగుతుంది. ఎలక్ట్రిక్‌కి ఆ గొడవ లేదు, బండి ఆగినా తన వేగం తనదే. కర్తరి ఎండల్లో వడపళని నుంచి కోయంబేడు దాకా నత్తనడక నడిచినా ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దాటలేదు. ఆ ఊపులో కనపడిన ప్రతి జీపు వాడికీ పెట్టించుకోమని చెప్పాను.

తర్వాత నెల్లూరు బయల్దేరాం. అత్తగారిది ఆ ఊరే, నెలకోసారైనా వెళ్లక తప్పదు. రెడ్ హిల్స్ దాకా ఏ ఇబ్బందీ లేదు. నల్లూరు టోల్ దాటి 70లో నిలకడగా పోతుంటే ముల్లు మెల్లగా లేవడం మొదలుపెట్టింది. గుమ్మిడిపూండి వచ్చేసరికి ఎర్ర గీత అంచున ఉంది. పక్కకి తీసి, ఇంజన్ ఆపకుండా వదిలేశాను. ఫ్యాన్ హోరుమంటోంది. కాసేపటికి ముల్లు బుద్ధిగా కిందికి దిగింది. మళ్లీ ఎక్కి తడ దాటామో లేదో అదే కథ. వెనక సీట్లోంచి మావయ్య అందుకున్నారు: "ట్రాఫిక్‌లో కాగే బళ్లు చూశాం గానీ, ఖాళీ రోడ్డు మీద కాగే బండిని ఇదే చూడటం అల్లుడా!"

మెకానిక్‌లకి ఒక లెక్క ఉంది. ట్రాఫిక్‌లో వేడెక్కితే ఫ్యాన్ తప్పు, హైవేలో వేడెక్కితే రేడియేటర్ తప్పు. తప్పుడు లెక్క కాదది, నూటికి తొంభై బళ్లకి సరిపోతుంది. 60 దాటాక ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. అందుకని అందరూ రేడియేటర్ మీద పడ్డారు. విప్పి రాడింగ్, అంటే గొట్టాల్లో సన్నటి ఊచ దూర్చి శుభ్రం చేయించడం, చేయించారు. థర్మోస్టాట్ వాల్వు మార్చారు. మూత స్ప్రింగు వదులైందని మూతా మార్చారు. ఏదీ పని చేయలేదు. ఒకాయనైతే "హెడ్ గ్యాస్కెట్ చూడాలి సార్" అనేశాడు, అంటే ఇంజన్ పైభాగాన్ని విప్పి మధ్యలో సీలు మార్చడం. ఆ మాట వింటే డీజిల్ జీపు ఉన్న ఎవరికైనా టెన్షన్ రాక మానదు. కానీ రేడియేటర్‌లో బుడగలు లేవు, ఆయిల్ పాలరంగుకి తిరగలేదు, నీళ్లు తగ్గడం లేదు. పైగా ఆగి ఉన్నప్పుడు అంత బాగా చల్లబడే ఇంజన్‌కి గ్యాస్కెట్ పోయిందంటే నమ్మబుద్ధి కాలేదు.

గుట్టు బయటపడింది ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో. తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకుని, ఫ్యాన్ తిరుగుతుండగా ముందు జాలీలోంచి రేడియేటర్ మీద చుక్క పెట్టి చూశాను. ఒకే ఎత్తులో నడుమ 60 డిగ్రీల చిల్లర, పక్కకి జరిపితే 80 పైన. అప్పుడొక కాగితం తీసుకుని జాలీ ముందు పట్టుకున్నాను. నడుమ టక్కున అతుక్కుంది. మూల దగ్గర పెడితే జారి కింద పడింది.

ఆ రేకు రేడియేటర్‌కి అంటుకున్నట్టే ఉంటుంది, మధ్యలో ఫ్యాన్ కోసం ఒక్క గుండ్రటి కన్నం. మా జీపు రేడియేటర్ జాలీ దాదాపు 18 అంగుళాల చదరం, అంటే 324 చదరపు అంగుళాలు. 14 అంగుళాల కన్నం 154. ఎదురుగాలి ఎంత కొట్టినా సగం కూడా దాటి ఇవతలికి రాలేదు, ఆ దారిలోనూ మోటారు, రెక్కలు అడ్డం. నిదానంగా పోతున్నప్పుడు ఇంజన్‌కి వేడి తక్కువ, నడుమ చల్లబడింది చాలు. 70లో లాగుతున్నప్పుడు మొత్తం రేడియేటర్ పని చేయాలి, సగానికి మేమే తలుపేసి పెట్టాం.

రూఢి చేసుకుందామని రేకు తీసేసి, ఫ్యాన్‌ని ఇనప పట్టీల మీద బిగించి నెల్లూరు వెళ్లాను. గూడూరు దాటినా ముల్లు సగంలోనే. తిరిగొచ్చాక పాడి జంక్షన్‌లో ఇరుక్కుంటే మళ్లీ లేచింది. రేకు లేకపోతే ఫ్యాన్ ఎటు పడితే అటు నుంచి, ఇంజన్ వైపు వేడిగాలిని కూడా కలుపుకుని లాగుతుంది. అంటే రేకు ఉండాలి, ఉంటే ఊపిరాడాలి.

టింకరింగ్ షాపులో కొత్తది చేయించాను. రేడియేటర్‌కీ ఫ్యాన్‌కీ మధ్య రెండంగుళాల లోతు ఉండేలా పెట్టెలా వంచి, నాలుగు మూలల్లో నాలుగు కిటికీలు కోయించి, ఇంజన్ వైపు నుంచి ఒక్కో కిటికీకి పైఅంచున రబ్బరు తెర బిగించాం. ట్రాఫిక్‌లో ఫ్యాన్ లాగుడికి తెరలు రేకుకి అతుక్కుపోతాయి, గాలంతా రేడియేటర్‌లోంచే వస్తుంది. హైవేలో ఎదురుగాలికి తెరుచుకుంటాయి. నేను కనిపెట్టిందేం కాదు, కొన్ని కార్లకి కంపెనీ నుంచే ఇలాంటి తెరలు వస్తాయి. మొదట లారీ ట్యూబు ముక్కలు వేశాం, మందం ఎక్కువై కదలనే లేదు. స్కూటరు ట్యూబు సరిపోయింది. ఇప్పుడు కాగితం మూలల్లో కూడా అతుక్కుంటోంది, తడ దాటినా ముల్లు సగంలోనే ఉంటోంది.

వైరింగు మాత్రం చవకలో కానివ్వకండి. ఇలాంటి ఫ్యాన్ 15-20 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు, 40 ఆంపియర్ల రిలే (చిన్న స్విచ్చితో పెద్ద కరెంటుని నడిపేది), తుప్పు గీకి బిగించిన ఎర్త్ ఉండాలి. ఫ్యాన్ తిరుగుతుండగా దాని ప్లగ్గు దగ్గర వోల్టేజి చూడండి, బ్యాటరీ కంటే అర వోల్టు మించి తగ్గకూడదు. వేడిని బట్టి ఫ్యాన్‌ని ఆన్, ఆఫ్ చేయడానికి రేడియేటర్ రెక్కల్లో గుచ్చే సెన్సార్ కూడా నాకు నచ్చలేదు. ఫ్యాన్ గాలికి అదే ముందు చల్లబడి, లోపల నీళ్లు కాగుతుండగానే ఫ్యాన్‌ని ఆపేస్తుంది. పై హోసులో అడాప్టర్ వేయించి నీళ్ల వేడికే పనిచేసే, మరతో బిగించే స్విచ్చి పెట్టించాక ఆ బాధ తప్పింది.

మైలేజీ కూడా పెరిగిందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి, ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. అదే సమయంలో ఇంజెక్టర్లు కూడా సర్వీసు చేయించాం, ఏది ఎంత మిగిల్చిందో తెలియదు. చప్పుడు తగ్గింది మాత్రం నిజం. వేళచ్చేరిలో నీళ్లు నిలిచినప్పుడు ఫ్యాన్ ఆపేసుకోవడానికి డాష్‌బోర్డు మీద ఒక స్విచ్చి పెట్టించాను, వానాకాలం అది బాగా పనికొచ్చింది. మా ఫ్యాన్‌కి కనెక్షన్ తాళం మీద లేదు, ఇంజన్ ఆపాక కూడా కాసేపు తిరుగుతుంది. వాచ్‌మన్ ఇప్పటికీ "సార్, బండి ఆఫ్ చేయడం మర్చిపోయారు" అంటూ వస్తాడు.

కొనాలా అంటే, నా వాడకం సగం ఊళ్లో, సగం నెల్లూరు రోడ్డు మీద. అత్తగారిల్లు ఇక్కడే తాంబరంలో ఉండి ఉంటే ఈ రేకు సంగతి నాకు తెలిసేదే కాదు, కళ్లు మూసుకుని అయిదు చుక్కలు ఇచ్చేవాణ్ణి. బరువు వేసుకుని ఘాట్లు ఎక్కేవాళ్లకి బెల్టు ఫ్యానే నయమేమో, నేనైతే జీపుని అంతగా కష్టపెట్టలేదు. రబ్బరు తెరలు వేడికి బిరుసెక్కుతాయి, ఏడాదికోసారి మార్చుకోవాలి. పాత జీపుల్లో ఆల్టర్నేటర్ చిన్నది ఉంటే, రాత్రిపూట హెడ్‌లైట్లు, ఫ్యాన్ రెండూ కలిసి బ్యాటరీని తినేస్తాయి. మాది ముందే పెద్దది మార్పించి ఉంది కాబట్టి సరిపోయింది, మీ బండికి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే కిట్ కొనండి.