పిల్లలకు మొదటి సైకిల్ పందెం: వెలోడ్రోమ్ కన్నా రోడ్డు పక్కే మేలు

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకు మా ఎనిమిదేళ్ల అమ్మాయినీ, ఐదేళ్ల అబ్బాయినీ తీసుకెళ్లాం. మేముండేది ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో. పిల్లలిద్దరికీ సైకిలంటే ప్రాణం, కానీ పందెం ఎప్పుడూ చూడలేదు. ట్రాక్, టైమ్ ట్రయల్, రోడ్డు రేసు చూసి వచ్చాక నేను చెప్పేది ఒకటే: చిన్నపిల్లలను ముందుగా వెలోడ్రోమ్‌కు, అంటే సైకిల్ పందేల కోసం లోపల ట్రాక్ కట్టిన భవనానికి, తీసుకెళ్లకండి.

ట్రాక్ పోటీలు బర్మింగ్‌హామ్‌లో కాదు, లండన్‌లో 2012 ఒలింపిక్స్ కోసం కట్టిన వెలోడ్రోమ్‌లో జరిగాయి. 250 మీటర్ల చెక్క ట్రాక్, మలుపుల దగ్గర 42 డిగ్రీల వాలు. చూడటానికి కన్నుల పండువే. ఆ సైకిళ్లకు బ్రేకులుండవని చెబితే అమ్మాయి నోరు తెరిచి వింది. అయితే వెచ్చని గాలి పలచబడితే వేగం పెరుగుతుందని లోపల కావాలనే వేడిగా ఉంచుతారు. గంట గడిచేసరికి చిన్నవాడి ముఖం కందిపోయింది. జనం కేకలకు రెండు చెవులూ మూసుకున్నాడు. వాడికి ఎవరు ముందో ఎవరు వెనకో కూడా తెలియలేదు.

ఒక్క పోటీ మాత్రం డబ్బుకు తగిన విలువ ఇచ్చింది. ముందు సీటులో చూపున్నవారు, వెనక సీటులో చూపులేని క్రీడాకారులు కూర్చుని తొక్కే జంట సైకిళ్లు. తిరుగు ప్రయాణంలో అమ్మాయి కళ్లు మూసుకుని, నా చేతిసంచి పట్టుకుని స్టేషన్ దాకా నడిచింది. సీట్లు మాత్రం మలుపుల దగ్గర, ముందు వరుసల్లో తీసుకోకండి. మేము వెళ్లొచ్చిన రెండు రోజులకే, జులై 31న, ఇంగ్లండ్ క్రీడాకారుడు మాట్ వాల్స్ సైకిలుతో సహా అడ్డుగోడ దాటి ప్రేక్షకుల మధ్య పడ్డాడు.

ఉల్వర్‌హాంప్టన్‌లో జరిగిన టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరుగా బయలుదేరి ఎవరు తక్కువ సమయంలో ముగిస్తారో చూసే పోటీ, ఉచితం. ఒక్కొక్కరే వస్తారు కాబట్టి పిల్లలు ప్రతి ఒక్కరికీ చప్పట్లు కొట్టగలరు. కాకపోతే గంట తర్వాత విసుగొస్తుంది.

ఆగస్టు 7న వారిక్‌లో జరిగిన రోడ్డు రేసే మాకు అసలు పండుగ. అదీ ఉచితమే. 16 కిలోమీటర్ల చుట్టు. ఉదయం మహిళలు ఏడు చుట్లు, మధ్యాహ్నం పురుషులు పది. ఒకసారి వెళ్లినవాళ్లు ఇరవై నిమిషాలు దాటాకే మళ్లీ వస్తారు. ఈలోగా ఏవన్ నది పక్కన సెయింట్ నికొలస్ పార్కులో పిల్లలు ఆడుకోవచ్చు, తినొచ్చు. ఆ వేసవి ఎండలకు గడ్డంతా గోధుమ రంగుకు తిరిగింది, నీడ తక్కువ. టోపీలు, నీళ్లు మరవకండి. మరుగుదొడ్ల వరుసలు పొడవు కాబట్టి సైకిళ్ల గుంపు వెళ్లిపోయిన వెంటనే కాదు, కాస్త ఆగి వెళ్లండి.

ముందు మోటారు సైకిళ్లు వస్తాయి, తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం. అంతలో తేనెటీగలు లేచినట్టు హోరు, ఆ వెంటే గాలి. మొదటిసారి చిన్నవాడు నా కాళ్లకు చుట్టుకున్నాడు. మూడో చుట్టుకు తాడు పక్కన నిలబడి, "అమ్మా, గాలి వస్తోంది!" అని నాకన్నా ముందే కేకేశాడు.

బస మాత్రం నిరాశపరిచింది. పక్కనే ఉన్న లెమింగ్టన్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది. కానీ ఆదివారం ఫలహారం ఆలస్యంగా పెడతారని ముందు రోజు రాత్రి వరకూ చెప్పలేదు. పులిహోర కలిపి తెచ్చుకోబట్టి సరిపోయింది. పోటీలకు వెళ్లేవారు ఈ సంగతి గది తీసుకునేటప్పుడే అడగాలి.

పురుషుల పందెం చివరికి నలుగురి మధ్య తేలింది. లండన్ ట్రాక్ మీద అప్పటికే మూడు స్వర్ణాలు గెలిచిన న్యూజిలాండ్ ఆరన్ గేట్ నాలుగోది అందుకున్నాడు. 2026 గ్లాస్గో క్రీడల్లో సైక్లింగ్ అంటే ట్రాక్ పోటీలే, రోడ్డు రేసు లేదు. ఆ మాట చెప్పినప్పుడు మా వాడు అడిగింది ఒక్కటే: "మరి గాలి ఎలా వస్తుందమ్మా?"