అమ్మడమా, లీజుకివ్వడమా, సొంతంగా నడపడమా? 1868 నాటి లాస్ ఏంజెలెస్ నీళ్ల పేచీ

లాస్ ఏంజెలెస్‌లో ఓల్వెరా స్ట్రీట్ అనే పాత వీధి ఉంది. అక్కడ నేల మీద పరిచిన ఇటుకల్లో ఒక వరుస మాత్రం మిగతా వాటితో కలవకుండా ఏటవాలుగా పోతుంది. షాపుల వైపు చూస్తూ నడిచేవాళ్ల కంటికి అది ఆనదు. ఊరికి మొదటిసారి నీళ్లు తెచ్చిన కాలువ పోయిన దారి అది. స్పానిష్‌లో దాన్ని సాంహా మాద్రే అనేవాళ్లు, అంటే తల్లి కాలువ. 1781లో 44 మంది వచ్చి ఊరు కట్టుకున్న కొత్తల్లోనే నది నుంచి దీన్ని తవ్వుకున్నారు.

సుమారు తొంభై ఏళ్ల తర్వాత, 1868లో, ఊరి నీళ్లను ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్న కౌన్సిల్ ముందుకొచ్చింది. ఇప్పటి మహానగరాన్ని మనసులో పెట్టుకుని ఈ కథ చదవకూడదు. 1870 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ఉన్నది 5,728 మంది. మన దగ్గర అయితే అది మున్సిపాలిటీ కూడా కాదు, ఒక పెద్ద పంచాయతీ. రైలు ఇంకా రాలేదు, ఖజానాలో డబ్బు లేదు. అలాంటి ఊరి కౌన్సిల్ ముందు మూడు దారులున్నాయి: నీటి వ్యవస్థను అమ్మేయడం, లీజుకివ్వడం, కష్టమో నష్టమో సొంతంగా నడుపుకోవడం. ఈ మూడింటిలో ఏది మేలు అన్నది నాకు చాలాకాలంగా ఆసక్తి ఉన్న విషయం. ఎందుకంటే వాళ్లు తీసుకున్న నిర్ణయం ఫలితం ముప్పై ఏళ్ల పైచిలుకు లెక్కలతో సహా మన కళ్ల ముందుంది.

ముందు అక్కడి పద్ధతి చెప్పాలి. కాలువ నీళ్లు చూసుకోవడానికి సాంహేరో అనే ఉద్యోగి ఉండేవాడు. మన చెరువుల కింద తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసే పనే అతనిదీ. ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలి, ఎంతసేపు వదలాలి, కాలువ ఎక్కడ తెగింది, ఎవరు దొంగతనంగా మళ్లించుకుంటున్నారు, అన్నీ అతనే చూడాలి. ఒక దశలో అతని జీతం మేయర్ జీతం కంటే ఎక్కువ. ఊరికి ఏది ప్రాణమో ఆ ఊరివాళ్లకు బాగా తెలుసనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

చిక్కల్లా తాగునీళ్ల దగ్గరే వచ్చింది. పొలానికి పారే కాలువలోనే బట్టలు ఉతికేవాళ్లు, చెత్త పడేసేవాళ్లు. వద్దని కౌన్సిల్ రూల్స్ పెట్టినా ఆగలేదు. కాస్త డబ్బున్నవాళ్లు బండి మీద ఇంటింటికీ తిరిగి అమ్మేవాడి దగ్గర నీళ్లు కొనుక్కునేవాళ్లు.

పైపుల్లో నీళ్లిస్తామని ముందుకొచ్చిన మొదటివాడు విలియం డ్రైడెన్. 1857లో కౌన్సిల్ అతనికి అనుమతి ఇచ్చింది. తల్లి కాలువ మీద 40 అడుగుల నీటి చక్రం పెట్టి, ఊరి నడిబొడ్డున ప్లాజాలో ఇటుకల ట్యాంకు కట్టి, అందులోకి నీళ్లు ఎక్కించాడు. 1861-62 శీతాకాలం వరదల్లో చక్రం పోయింది. తర్వాత జాన్ లూయీ సాన్సెవాన్ అనే ఫ్రెంచి ద్రాక్షతోటల యజమాని, డామియన్ మార్షెసో అనే ఊరి మాజీ మేయర్ కలిసి పైపులు వేశారు. అవి ఇనుప పైపులు కావు, చెక్కవి. దుంగలకు మధ్యలో బెజ్జం తొలిచి, ఒకదాని మూతి ఇంకోదానిలోకి దూర్చి, వరసగా మట్టిలో పూడ్చారు. నీటి ఒత్తిడి కాస్త పెరిగితే చాలు, అతుకులు విడిపోయేవి. లీకులకు మట్టి నాని వీధి మధ్యలో బురద గుంటలు పడేవి. ఒకచోట బాగుచేసి వచ్చేసరికి ఇంకోచోట పగిలేది. ఊరంతా తిట్టింది. మార్షెసోకు దీనికి తోడు వేరే అప్పులూ ఉన్నాయి. 1868 జనవరి 20న, తాను మేయర్‌గా కూర్చున్న కౌన్సిల్ గదిలోనే ప్రాణం తీసుకున్నాడు. సొంత లాభం కోసమే వచ్చాడని అనుకున్నా, ఆ మనిషి పడ్డ అవమానం తలుచుకుంటే బాధేస్తుంది.

సాన్సెవాన్ తన హక్కుల్ని ముగ్గురికి అప్పగించి తప్పుకున్నాడు. డాక్టర్ జాన్ గ్రిఫిన్, ప్రూడెంట్ బోద్రీ, సాల్మన్ లజార్డ్ ఆ ముగ్గురు. ఊళ్లో పేరూ డబ్బూ ఉన్నవాళ్లు. ఈ దశలోనే కౌన్సిల్ ముందుకు అమ్మకం ప్రతిపాదన వచ్చింది.

అమ్మకం వైపు వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. పదకొండేళ్లలో రెండు ప్రయత్నాలు మునిగాయి. ఇనుప పైపులకు పెట్టుబడి కావాలి, ఊరి దగ్గర లేదు. అమ్మేస్తే డబ్బు వస్తుంది, తలనొప్పి పోతుంది, లీకు అయితే జనం కౌన్సిల్‌ను తిట్టరు. నేను ఆ గదిలో ఉండి ఉంటే, ఆ బురద వీధుల్లోంచి నడిచి వచ్చి ఉంటే, నాకూ చెయ్యెత్తాలనిపించేదేమో.

అయితే అమ్మేది పైపుల్ని మాత్రమే కాదు. నది నీళ్ల మీద ఆ ఊరికి స్పానిష్ కాలం నుంచి వచ్చిన హక్కు ఉంది. వానలు తక్కువ పడే ఆ నేల మీద ఊరు పెరగాలన్నా ఆగాలన్నా దాన్ని బట్టే. మేయర్ క్రిస్టోబల్ అగిలార్ అమ్మకాన్ని వీటో చేశాడు. ఆ ఊరి చరిత్రలో అంత విలువైన సంతకం ఇంకోటి ఉందని నేననుకోను.

వద్దన్న ఆ అమ్మకం జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించనక్కర్లేదు, అదే కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్ ఫ్రాన్సిస్కోను చూస్తే చాలు. అక్కడ 1858లో మొదలైన స్ప్రింగ్ వ్యాలీ అనే ప్రైవేట్ కంపెనీ ఊరికి నీళ్లిచ్చేది. చుట్టుపక్కల వాగులూ లోయలూ కొనుక్కుంటూ పోయింది. పైపులే కాదు, నీళ్లు పుట్టే చోటు కూడా దానిదే అయింది. వెనక్కి కొనాలని ఊరు దశాబ్దాల పాటు చర్చించింది, ఓటింగులు పెట్టింది. చివరికి కొన్నది 1930లో, సుమారు 4 కోట్ల డాలర్లకు. అందులో చెరువులూ వేల ఎకరాల భూములూ కూడా ఉన్నాయి కాబట్టి లాస్ ఏంజెలెస్ ధరతో నేరుగా పోల్చడం న్యాయం కాదు. కాలాన్ని మాత్రం పోల్చవచ్చు. నీళ్ల మూలం కూడా కంపెనీదే అయినచోట ఊరికి బేరమాడే బలం ఉండదు. చేతనైంది ఒక్కటే, వాళ్లు అడిగిన ధరకు దగ్గరగా డబ్బు పోగేసుకునేదాకా ఎదురుచూడటం.

ఇక లీజు సంగతి. వీటో తర్వాత అదే ముగ్గురితో కౌన్సిల్ 30 ఏళ్ల ఒప్పందం రాసుకుంది. వాళ్లు పెట్టిన సంస్థ లాస్ ఏంజెలెస్ సిటీ వాటర్ కంపెనీ. షరతులు చూస్తే కౌన్సిల్ ఏదీ ఆలోచించకుండా సంతకం పెట్టిందనలేం. కంపెనీ 12 మైళ్ల ఇనుప పైపులు వెయ్యాలి. వీధుల కూడళ్లలో మంటలార్పడానికి హైడ్రెంట్లు పెట్టాలి. ప్లాజాలో ఫౌంటెన్ కట్టాలి. ప్రభుత్వ భవనాలకు ఉచితంగా నీళ్లివ్వాలి. ఏడాదికి 1,500 డాలర్లు అద్దె కట్టాలి. పొలాలకు పారే కాలువలు మాత్రం ఊరి చేతిలోనే ఉంటాయి.

మొదట్లో ఇది బాగానే పనిచేసింది. ఇనుప పైపులు పడ్డాయి, వీధుల్లో బురద తగ్గింది, కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. ఖజానా ఖాళీగా ఉన్న ఊరికి ఇది చిన్న విషయం కాదు. కౌన్సిల్ ఆనాడే సొంతంగా చెయ్యబోయి ఉంటే ఇంకో నాలుగేళ్లు చెక్క పైపులతోనే కుస్తీ పట్టేదేమో.

కానీ లీజులో చీడ నెమ్మదిగా బయటపడింది. 1,500 డాలర్ల అద్దె కొద్దికాలానికే 400కు తగ్గిపోయింది. కంపెనీ యజమానుల్లో ఒకడైన బోద్రీ 1874లో ఆ ఊరికే మేయరయ్యాడు. అద్దె వసూలు చెయ్యాల్సిన ఊరికి అద్దె కట్టాల్సినవాడే పెద్ద! నది నుంచి ఎంత నీరు తీసుకోవాలో ఒప్పందంలో హద్దు ఉంది. కంపెనీ తీసుకున్నది దానికి ఎన్నో రెట్లు. పైగా ఇంకో అనుబంధ కంపెనీ పెట్టి, నది పక్కన భూమిలోంచి నీళ్లు తోడి, ఇవి నది నీళ్లు కావు, మావి అని వాదించింది. నీటి చార్జీలను కౌన్సిల్ నిర్ణయించవచ్చు, కానీ 1868లో ఉన్న స్థాయి కంటే తగ్గించకూడదని ఒప్పందంలో రాసుంది. 1879 నాటి రాష్ట్ర రాజ్యాంగం చార్జీలు నిర్ణయించే అధికారం స్థానిక కౌన్సిళ్లకే ఇచ్చింది. దాంతో ఏటా ఇదే పేచీ.

ఈలోగా ఊరు ఊరులా లేదు. 1876లో దూరప్రాంతాలతో కలిపే రైలు వచ్చింది. 1890కి జనాభా 50,395, 1900కి 1,02,479. అయిదు వేల మంది ఉన్నప్పుడు రాసిన కాగితం లక్ష మందిని కట్టిపడేసింది. లీజు మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే. ముప్పై ఏళ్లు అన్నది చాలా పెద్ద గడువు. పదేళ్లకోసారి అద్దె, చార్జీలు మళ్లీ మాట్లాడుకుందాం అని ఒక్క వాక్యం చేర్చి ఉంటే సగం గొడవలు ఉండేవి కావు.

ఇంకో వాక్యం కూడా తక్కువైంది, దాని ఖరీదు ఇంకా ఎక్కువ. గడువు తీరాక, కంపెనీ పెట్టిన పైపులకూ కట్టడాలకూ ఊరు విలువ కట్టి ఇచ్చి వెనక్కి తీసుకోవాలి. ఆ విలువ ఎలా కట్టాలి, ఏవి లెక్కలోకి వస్తాయి, ఏవి రావు అన్నది తేటగా రాసుకోలేదు. 1898లో లీజు ముగిసింది. కంపెనీ మాత్రం కదల్లేదు. తనకు రావాల్సింది సుమారు 30 లక్షల డాలర్లంది. మధ్యవర్తులు అందులో సగం కూడా కాదన్నారు. కోర్టులు, వాయిదాలు. అప్పుడు మేయర్ ఫ్రెడ్ ఈటన్. ఒకప్పుడు అదే కంపెనీలో సూపరింటెండెంట్‌గా చేసినవాడు, ఇప్పుడు నీళ్లు ఊరికే చెందాలని పట్టుబట్టినవాడు. 1899లో జనం ఈ కొనుగోలుకు అప్పు తెచ్చే బాండ్లకు ఓటేశారు. చివరికి 1902లో 20 లక్షల డాలర్లకు బేరం కుదిరింది.

ఆ బేరం జరుగుతున్నప్పటి ముచ్చట ఒకటి అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. కంపెనీ దగ్గర పైపులైన్ల మ్యాపులు సరిగ్గా లేవు. ఏ వీధి కింద ఎంత లావు పైపు ఉంది, వాల్వులు ఎక్కడున్నాయి, హైడ్రెంట్లు ఎన్ని, అన్నీ ఒక్క మనిషి బుర్రలో ఉన్నాయి. అతను విలియం ముల్‌హాలండ్. ఐర్లాండ్ నుంచి వచ్చి 1878లో కాలువలో పూడిక తీసే పనిలో చేరాడు, 1886కు సూపరింటెండెంట్ అయ్యాడు. అతను నోటితో చెప్పింది రాసుకుని, తవ్వి చూసుకుని సరిపోల్చారట. ముప్పై ఏళ్లు ఆస్తిని ఇంకొకరికి వదిలేస్తే, ఆస్తితో పాటు దాని గురించిన జ్ఞానం కూడా చెయ్యిదాటిపోతుంది. ఊరు ఆ మనిషిని కూడా పనిలో ఉంచుకుని మంచి పని చేసింది.

మరి సొంతంగా నడపడం? 1902 తర్వాత చార్జీలు తగ్గాయి. మీటర్లు పెట్టారు, మనిషికి వాడకం తగ్గింది. లెక్క లేకుండా పారిన నీళ్లకు లెక్క వచ్చింది. అయితే ఊరి చేతిలోకి వచ్చినంత మాత్రాన అంతా ధర్మంగా నడిచిందని చెప్పను. ఇదే నీటి శాఖ, ఇదే ముల్‌హాలండ్, 233 మైళ్ల అవతల ఓవెన్స్ లోయ నుంచి 1913లో నీళ్లు తెచ్చారు. ఆ లోయ రైతులు ఎండిపోయిన పొలాల పక్కన నిలబడాల్సి వచ్చింది. సొంత ఊరి జనానికి జవాబు చెప్పే కౌన్సిల్, పక్క ఊరి జనానికి జవాబు చెప్పదు. ఆ లోటు సొంత నిర్వహణలోనూ ఉంది.

అందుకే నా తీర్పు ఇది. 1868 నాటి ఖజానాతో సొంతంగా నడపడం వాళ్లకు సాధ్యం కాదు, అది కోరుకోవడం అత్యాశ. అమ్మకం అన్నింటికంటే చెడ్డది. లీజు సరైన దారే, కానీ వాళ్లు రాసుకున్న లీజు సరైనది కాదు. పది పన్నెండేళ్ల గడువు, చివర్లో విలువ కట్టే పద్ధతి ముందే రాసుకోవడం, కంపెనీలో వాటా ఉన్నవాడు కౌన్సిల్లోనో మేయర్ కుర్చీలోనో కూర్చోకూడదన్న షరతు ఉండాల్సింది. ఇవి ఉంటే 1880 దాటేసరికి ఊరు ఆ పైపుల్ని ఇంకా తక్కువ ధరకే తీసుకునేది, ఎందుకంటే అప్పటికి జనాభా 11,183 మాత్రమే.

వీటో వల్ల మిగిలిన నది హక్కు కోర్టుల్లో నిలబడింది కాబట్టే 1902 బేరంలో కంపెనీ దగ్గర అమ్మడానికి నీళ్లు లేవు, పైపులే ఉన్నాయి. ఊరు తర్వాత తన చార్టర్‌ను, అంటే పాలనా నియమావళిని, సవరించుకుంది. 1903 నుంచి ఓటర్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే తప్ప ఆ నీటి హక్కును అమ్మడానికి గానీ లీజుకివ్వడానికి గానీ కౌన్సిల్‌కు వీల్లేదు.