కాలిన్ కౌంటీనా, డెంటన్ కౌంటీనా: ఇల్లు ఎక్కడ కొంటే మేలు?

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లు లీజు గడువు దగ్గర పడగానే ఫోన్ చేసి అడిగేది ఒకటే: ఇల్లు డాలస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీలో కొనాలా, దాని పక్కనున్న డెంటన్‌లోనా? మేమూ ఇది తేల్చుకోలేక ఆరు నెలలు వారాంతాలన్నీ ఇళ్ల చుట్టూ తిరిగాం.

ట్యాక్స్ రిటర్న్‌లలో అడ్రసు మారిన కుటుంబాలను, వాళ్ల ఆదాయంతో సహా, అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ కౌంటీలవారీగా లెక్కగడుతుంది. డాలస్ కౌంటీ నుంచి ఈ రెండింటికీ కుటుంబాలు, వాళ్ల ఆదాయాలు తరలిపోవడం ఆ పట్టికల్లో ఏళ్లుగా కనిపిస్తోంది. 2010లో 7.82 లక్షలున్న కాలిన్ జనాభా 2020కి 10.64 లక్షలైంది. డెంటన్ 6.63 లక్షల నుంచి 9.06 లక్షలకు పెరిగింది.

స్కూళ్ల కోసమైతే కౌంటీ పేరు చూడనక్కర్లేదు. ఫ్రిస్కో ఊరూ, దాని స్కూల్ డిస్ట్రిక్టూ రెండు కౌంటీల్లోనూ ఉన్నాయి. ఎయిర్‌పోర్టు వైపు ఆఫీసు అయితే డెంటన్‌లోని లూయిస్‌విల్, ఫ్లవర్ మౌండ్ దగ్గర. ప్లేనోలో అయితే కాలిన్.

నా దృష్టిలో అసలు సంగతి ప్రాపర్టీ ట్యాక్స్. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడతాం. కానీ ఆదాయపు పన్ను అయితే జీతం ఆగిన రోజు అదీ ఆగుతుంది, ఇంటి పన్ను ఆగదు. ఇల్లు కొన్న రెండో ఏడు మా ఆయన ఉద్యోగం పోయింది. సరిగ్గా అప్పుడే ఎస్క్రో, అంటే ఇంటి పన్ను కోసం లోన్ వాయిదాతో పాటు నెలనెలా కట్టే మొత్తం, పెరిగింది. కొత్త ఇల్లు కదా, మొదటి ఏడాది జనవరి 1 నాటికి కట్టడం మొదలవలేదు, స్థలానికే పన్ను వేశారు. మరుసటి ఏడు ఇల్లంతటికీ పడింది. ఆ నాలుగు నెలల టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

అందుకే మడ్ ఉందా అని ముందు అడగండి. ఊరి హద్దు బయట నీళ్లు, డ్రైనేజీ వేయడానికి మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ (అదే మడ్) బాండ్లు అమ్ముతుంది, ఆ అప్పు ఇళ్లవాళ్లు అదనపు పన్నుగా తీరుస్తారు. అది అర శాతమనుకున్నా 5 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 2,500 డాలర్లు. డెంటన్‌లో 380 రోడ్డు వెంట, ఆబ్రీ, లిటిల్ ఎల్మ్ చుట్టుపక్కల ఇల్లు చవగ్గా కనిపించినప్పుడు ఈ లెక్క తప్పక వేయాలి. కాలిన్‌లోనూ ప్రిన్స్‌టన్ వైపు మడ్‌లున్నాయి.

రాక్‌వాల్, కాఫ్‌మన్ కౌంటీలు కూడా అడుగుతుంటారు. ధర నచ్చి, ఆఫీసు తూర్పు వైపుంటే చూడొచ్చు.

మేం కాలిన్‌లోనే, మెకిన్నీ ఊరి హద్దులో, మడ్ లేని పాత ఇంటికి మారాం. ఇల్లు చిన్నదే. మీరు సంతకం పెట్టే ముందు పన్ను కోసం ఇళ్లకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో ఆ అడ్రసు కొట్టి, పన్ను వేసేవాళ్ల జాబితా మొత్తం చదవండి. ఇంట్లో ఒక్క జీతమే వస్తే ఆ నెలవారీ మొత్తం కట్టగలరా అని ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి.